ఇల్లు కట్టుకుంటా ఉన్నారా? వైరింగులో ఎక్కువగా జరిగే తప్పులు ముందే చూసుకోండి

మన తిరుపతిలో ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతారు, వాకిలి తలుపు టేకుదే కావాలంటారు, హాల్లో ఫాల్ సీలింగు, దాంట్లో రంగు లైట్లు, అన్నీ దగ్గరుండి చూసుకుంటారు. వైరింగు కాడికి వచ్చేసరికి మాత్రం "పాయింటుకు ఎంత తీసుకుంటావు?" అని ఒక్క మాట అడిగి వదిలేస్తారు. గోడలో పోయే వైరు, నేలలో దిగే ఎర్త్ పైపు ప్లాస్టరింగ్ అయిపోయినాక మళ్ళీ కంటికి కనపడవు, తప్పులన్నీ ఆడే జరుగుతాయి. నేను ఈ పనిలోనే ఉన్నా. కొర్లగుంట, ఎమ్మార్‌పల్లి, తిరుచానూరు రోడ్డు, అటు చిత్తూరు టౌను, యాడికి పోయినా కొత్త ఇళ్ళలో కూడా అవే తప్పులు కనిపిస్తా ఉంటాయి, అందుకే కొంచెం పొడుగైనా వివరంగా రాస్తా ఉన్నా. ఇది చదివి బోర్డు మీరే విప్పమని కాదు, పని చేసే ఆయన దగ్గర ఏం అడగాలో, ఏం చూడాలో తెలుసుకోమని.

ముందు ఎర్త్ సంగతి. ఎర్త్ అంటే లీకైన కరెంటు నేలలోకి పోయే దారి. ఎర్తింగుకు మన దేశంలో ఐఎస్ 3043 అని ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఎర్త్ పైపు రెండున్నర మీటర్లు, అంటే 8 అడుగుల పైనే లోపలికి దిగాలి. మన సైడు నేల ఎట్లుంటాదో మీకు తెలుసు, పైన రెండు మూడు అడుగులు ఎర్రమట్టి, దాని కింద రాయి. గుంత తీసే వాళ్ళకు రాయి తగలగానే ఆడికే ఆపేసి, పైపును సగానికి కోసి నిలబెట్టి, మట్టి పూడ్చి పైన సిమెంటు మూత పెట్టేస్తారు. బయటికి చూస్తే బ్రహ్మాండంగా ఉంటాది, లోపల 3 అడుగుల పైపే. కాబట్టి ఎర్త్ గుంత తీసే రోజు మీరు సైట్లో ఉండండి, పైపు మొత్తం దిగేది కళ్ళతో చూడండి, ఫోటో తీసుకోండి. రాయి తగిలితే ఇంకో చోట తీయమనండి, లేదంటే కొంచెం దూరంలో రెండో గుంత తీసి రెండిటినీ కలపమనండి. బొగ్గు, ఉప్పు వేసే పద్ధతి పాతదే గానీ పనికొస్తాది, తేమ ఉన్నంత వరకు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు నేల ఎండి బీటలు వారినప్పుడు ఎర్త్ కూడా బలహీనపడతాది, అందుకే గుంతలో ఒక సన్న పైపు పైకి వదిలిపెట్టి ఎండాకాలంలో వారానికోసారి రెండు బకెట్లు నీళ్ళు పోయాలి. బెంటొనైట్ పౌడరు వేసే కెమికల్ ఎర్తింగు అయితే తేమను జాస్తి రోజులు పట్టి ఉంచుతాది, రాతి నేలకు అదే మేలు అని నా అభిప్రాయం.

ఎర్త్ బాగుందా లేదా అని మల్టీమీటరు పెట్టి ఫేజుకూ (కరెంటు వచ్చే వైరు) ఎర్త్‌కూ మధ్య 230 వోల్టులు చూపించి "చూడండి సార్, సూపర్‌గా ఉంది" అంటారు, దాన్ని నమ్మొద్దు. మల్టీమీటరు లాగేది అతి తక్కువ కరెంటు, ఎర్త్ ఎంత పనికిమాలినదైనా దానికి 230 కనిపిస్తాది. ఎర్త్ టెస్టర్ అని వేరే మీటరు ఉంటాది, దాంతో ఎర్త్ రెసిస్టెన్స్‌ను, అంటే కరెంటు పోయేదానికి ఉండే అడ్డును, ఓమ్‌లలో కొలవాలి, 5 ఓమ్‌ల లోపల వస్తే ఇంటికి బాగున్నట్టే.

ఇప్పుడు అసలు ముఖ్యమైన మాట. "మా ఇంట్లో ఎంసీబీలు అన్నీ మంచి కంపెనీవే అన్నా, షాక్ కొడితే పడిపోతాదిలే" అని చానామంది ధైర్యంగా ఉంటారు. ఎంసీబీ అంటే లోడు జాస్తి అయితే దానంతట అదే పడిపోయే స్విచ్, అది ఉండేది వైరు కాలకుండా, మనిషి కోసం కాదు. లెక్క చూడండి, మీ ఎర్త్ 20 ఓమ్‌లు ఉందనుకుందాం, మన రాతి నేలలో అది వింతేం కాదు. వాషింగ్ మిషన్ లోపల ఫేజు వైరు బాడీకి తగిలితే ఎర్త్‌లోకి పోయే కరెంటు 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. ఆ లైనుకు ఉండేది 16 ఆంపియర్ల ఎంసీబీ, దాని లెక్కలో ఇదేం జాస్తి లోడు కాదు, కాబట్టి అది పడదు. మిషన్ బాడీలో కరెంటు అట్లనే నిలబడి ఉంటాది, తడి చేత్తో ఎవరు తాకుతారా అని. మనిషి ప్రాణానికి అన్ని ఆంపియర్లు అక్కర్లేదు, అందులో వందో వంతు కూడా గుండెకు ప్రమాదమే.

దానికే ఆర్‌సీసీబీ అని ఇంకో స్విచ్. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తా ఉందా అని అది చూస్తా ఉంటాది, 30 మిల్లీ ఆంపియర్లు యాడికో తప్పిపోయిందంటే రెప్పపాటులో లైను కట్ చేస్తాది. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లదే తీసుకోండి, 100, 300 అని కూడా దొరుకుతాయి, అవి మనిషికి వచ్చే షాక్ కోసం చేసినవి కావు. ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎంసీబీ తీసేయకూడదు, ఓవర్‌లోడు దానికి పట్టదు, రెండూ కావాలి. ఇంకొకటి, ఒక చేత్తో ఫేజు ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి కూడా తెలియదు, కాబట్టి అది ఉందని కరెంటు ఆపకుండా పని చేయొద్దు. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటాది, నెలకోసారి నొక్కండి, నొక్కగానే పడిపోవాలి, పడకపోతే మార్చేయండి. చాలా ఇళ్ళలో గృహప్రవేశం నాటి నుంచి ఆ బటన్ ఒక్కసారి కూడా నొక్కి ఉండరు.

ఈడ ఒక ఘోరమైన పని చేస్తారు. ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతా ఉందని ఇంటి వాళ్ళు గోల పెడితే, వచ్చిన ఆయన దాన్ని బైపాస్ చేసి డైరెక్ట్ ఇచ్చేసి "ఇంక పడదు సార్" అని డబ్బులు తీసుకుని పోతాడు. అది పడతా ఉందంటే యాడో లీకు ఉందని అర్థం. ముందు అన్ని ప్లగ్గులూ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు బయటికి రావాలి. గీజరు లాగా ప్లగ్గు అందనిది ఉంటే దాని ఎంసీబీ దించండి. ఆర్‌సీసీబీ పైకి లేపి ఒక్కొక్కటీ పెట్టుకుంటా రండి, ఏది పెట్టగానే పడిందో దొంగ అదే. మన దగ్గర చాలాసార్లు గీజరో, వానకు తడిసిన మిద్దిమీది లైటో దొరుకుతాది. ఏమీ పెట్టకపోయినా పడతా ఉంటే అప్పుడు వైరింగులో చూడాలి, ముఖ్యంగా ఇన్వర్టర్ పెట్టిన ఇళ్ళలో. ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌నూ మామూలు లైను న్యూట్రల్‌నూ ఏదో ఒక బోర్డులో కలిపేసి ఉంటారు, పోయిన కరెంటు వేరే దారిలో తిరిగి వస్తాది, ఆర్‌సీసీబీ లీకు అనుకుని పడిపోతాది. ఆ న్యూట్రల్స్ విడదీయాలి, అంతేగానీ ఆర్‌సీసీబీ పీకకూడదు.

అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. పాత ఇళ్ళల్లో ఎర్త్ వైరు ఉండదు, కొత్త ఫ్రిజ్ కొనుక్కొస్తారు, సాకెట్‌లో ఎర్త్ రావట్లేదని సాకెట్ వెనకాల న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. టెస్టు చేస్తే అన్నీ బాగున్నట్టే కనపడతాది. ఎప్పుడో ఒకరోజు ఆ న్యూట్రల్ వెనకాల యాడైనా లూజు అయిందనుకోండి, ఫేజు ఫ్రిజ్ లోపల నుంచి వచ్చి ఆ ముక్క దారిలో ఫ్రిజ్ తలుపు మీదికి వచ్చేస్తాది, మొత్తం 230 వోల్టులు. పిల్లోళ్ళు చెప్పుల్లేకుండా వచ్చి నీళ్ళ సీసా కోసం హ్యాండిల్ పట్టుకుంటారు. మీ సాకెట్ల వెనకాల ఇట్లాంటి ముక్క ఉందేమో ఎలక్ట్రీషియన్‌తో విప్పించి చూడండి, ఉంటే ఆరోజే తీయించండి. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావు పిన్నును కోసేసి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టేది కూడా ఈ కోవలోదే.

వైరు సైజుల కాడికి వస్తే, లైట్లు ఫ్యాన్లకు 1.5 స్క్వేర్ ఎంఎం, 16 ఆంపియర్ల పవర్ సాకెట్లకు 2.5, ఏసీకీ గీజరుకూ విడివిడిగా 4. ఎంసీబీ కూడా వైరును బట్టే, 1.5కు 6 గానీ 10 గానీ, 2.5కు 16, 4కు 20 లేకపోతే 25. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతా ఉందని 16 తీసేసి 32 పెట్టేవాళ్ళు ఉన్నారు, అప్పుడు ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలతాది. లోడు ఎంతో తెలుసుకునేది కష్టం కాదు, వస్తువు మీద రాసిన వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ సుమారు 8.7, ఇస్త్రీ పెట్టె 1000 వాట్లయితే 4.3, 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13. ఇప్పుడు వంటింట్లో పొద్దున్నే ఏడు గంటలకు ఏం జరుగుతాదో చూడండి, ఇండక్షన్ మీద పాలు, పక్కన ఎలక్ట్రిక్ కుక్కరు, చట్నీకి మిక్సీ, పిండి అయిపోతే గ్రైండరు కూడా, ఇవన్నీ ఒకే లైను మీద. కాబట్టి వంటింటికి 2.5 వైరుతో కనీసం రెండు వేరే వేరే లైన్లు లాగమనండి, ప్లాస్టరింగ్‌కు ముందు చెప్తే ఖర్చు పెద్దగా ఉండదు, తర్వాత చెప్తే గోడ కొట్టాలి. లావు ప్లగ్గును 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టడానికి ఒక కన్వర్టర్ అమ్ముతారు, దాంతో ఇస్త్రీ పెట్టె, రూము హీటరు, ఇండక్షన్ నడిపించొద్దు. పది నిమిషాలు వాడి ఆపేసి, ప్లగ్గు పీకి చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే లోపల కరగడం మొదలైనట్టే.

వైరు కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 694 అని వైరు మీదే అచ్చు ఉంటాది, చూసుకోండి. కాయిల్ మామూలుగా 90 మీటర్లు వస్తాది. ఎఫ్‌ఆర్ అంటే మంట తొందరగా పాకదు, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ అయితే పొగ కూడా తక్కువ, రెండోదానికి కొంచెం జాస్తి పెట్టినా పర్లేదు. అగ్గువకు వస్తాదని పేరు తెలియని కాయిల్ తెచ్చుకుంటే, ఒక తీగ తీసి కత్తితో కోసి కోసిన చోట చూడండి, పైన రాగి రంగు ఉండి మధ్యలో తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దాన్ని ఇంట్లో వాడొద్దు.

జాయింట్లు. చాలా ఇళ్ళలో నిప్పు పుట్టేది ఈడ నుంచే. వైరు పొడుగు చాలకపోతే పైపు మధ్యలోనే రెండు ముక్కలు మెలేసి టేపు చుట్టి లోపలికి తోసేస్తారు. మన ఎండలకు శ్లాబు కాగి, లోడుకు వైరు కాగి, ఆ టేపు జిగురు కొన్నేళ్ళకు ఊడిపోతాది, మెలిక లూజు అవుతాది, లూజు అయిన చోట వేడి పుడతాది, వేడికి ఇంకా లూజు అవుతాది. జాయింటు ఏదైనా సరే మూత తీసి చూడగలిగే జంక్షన్ బాక్స్‌లోనే ఉండాలి, కనెక్టర్ పెట్టి స్క్రూ బిగించి ఉండాలి. పాత అల్యూమినియం వైరుకూ కొత్త రాగి వైరుకూ డైరెక్టుగా మెలిక వేయొద్దు, కలిసిన చోట చిలుము పట్టి చెడిపోతాది. ఇంక వైరు కొనలు చెక్కేసి సాకెట్‌లో దోపి అగ్గిపుల్లలు గుచ్చే పద్ధతి ఇప్పటికీ షామియానాల దగ్గర, బిల్డింగు పనుల దగ్గర కనిపిస్తా ఉంది, ఒక ప్లగ్గు టాపు ఎంత ఖరీదండీ. స్విచ్ బోర్డు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, స్విచ్ పసుపు రంగుకు తిరిగినా, చర్రు చర్రుమని శబ్దం వచ్చినా ఆ లైను ఎంసీబీ దించేసి ఆరోజే పిలిపించండి.

స్విచ్ ఆఫ్ చేసినా రాత్రిపూట ఎల్‌ఈడీ బల్బు సన్నగా వెలుగుతా ఉందా? స్విచ్‌ను ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి ఉండొచ్చు. అట్లయితే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటాది, స్టూలెక్కి బల్బు మార్చేటోడికి షాక్ కొడతాది. వేరే కారణాలతో కూడా అట్లా వెలుగుతాది గానీ, ముందు ఇది చూపించుకోండి.

గీజరు మన ఊర్లలో వేరే కథ, కారణం ఉప్పు నీళ్ళు. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఎలిమెంట్ మీద తెల్లగా సున్నం పేరుకుంటాది, దాని కింద ఎలిమెంట్ వేడెక్కిపోయి పైన గొట్టం సన్నగా చిట్లుతాది, అప్పుడు కరెంటు నీళ్ళలోకి వస్తాది. షవర్ కింద నిలబడినప్పుడు, కుళాయి తిప్పినప్పుడు చిన్నగా జివ్వుమంటే "ఏదో స్టాటిక్‌లే" అని వదిలేయొద్దు, ఎలిమెంట్ పోయే ముందు ఇచ్చే గుర్తు అది. ఉప్పు నీళ్ళ ఇళ్ళలో ఏడాదికోసారి సర్వీసు చేయించి సున్నం తీయించాలి, లోపల మెగ్నీషియం కడ్డీ ఉంటాది, అది అరిగిపోయి ఉంటే మార్చాలి. గీజరు దగ్గర ప్రెజర్ వాల్వు నుంచి చుక్కలు పడతా ఉన్నాయని దానికి మూత బిగించే వాళ్ళు కూడా ఉన్నారు, అట్లా చేస్తే ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది, ఆ చుక్కలు పడేది ట్యాంకును కాపాడడానికే. గీజరు స్విచ్ బాత్రూము బయట పెట్టించండి, స్నానానికి పోయే ముందు ఆపేసి పోండి. యూనివర్సిటీల దగ్గర రూముల్లో ఉండే పిల్లలు బకెట్లో హీటర్ రాడ్డు పెట్టుకుంటారు, వాళ్ళకు ఒక్కటే చెప్తా ఉన్నా, స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే నీళ్ళలో వేలు పెట్టాలి. ఇనుప బకెట్ అసలు వద్దు.

సంపు మోటరు స్టార్టరు వానకు తడిసేచోట పెట్టొద్దు, బోరు కేబుల్ జాయింటు కిట్టుతోనే వేయించండి, మామూలు టేపు నీళ్ళలో నిలబడదు.

బట్టలు ఆరేసే తీగ గురించి చెప్పాలి. మిద్దిమీద ఇనుప తీగ కడతారు, ఒక కొస కిటికీ గ్రిల్లుకు, ఇంకో కొస రేకుల షెడ్డుకో, సర్వీసు వైరు (స్తంభం నుంచి ఇంటికి వచ్చేది) ఉండే పైపుకో. సర్వీసు వైరు తొడుగు ఎండకు పెళుసుబారి యాడో గీరుకుంటే ఆ పైపూ, రేకూ, తీగా మొత్తం కరెంటే. తడి బట్ట, తడి చెయ్యి, ఉత్త కాళ్ళు, మన రాష్ట్రంలో ఇట్లా పోయిన ఆడవాళ్ళ వార్తలు పేపర్లో చూస్తానే ఉన్నాం. ఆ ఇనుప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి, ఇది మీరే చేయగలిగిన పని, ఈరోజే చేయండి. ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోతే చేత్తో పట్టుకుని లాగొద్దు, ముందు మెయిన్ ఆపాలి, అది అందకపోతే ఎండిన కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడిపించి 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతానే ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా.

2021 నవంబరులో తిరుపతిలో పడిన వాన గుర్తుందా, పల్లపు కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చేశాయి. అట్లాంటి ఏరియాలో ఇల్లు కడతా ఉంటే కింది ఫ్లోరులో సాకెట్లు నడుము ఎత్తుకు పెట్టించండి, మీటరు, మెయిన్ బోర్డు ఇంకా పైకి. ఇంట్లోకి నీళ్ళు వస్తా ఉన్నాయంటే, మెయిన్ దగ్గర నేల పొడిగా ఉన్నప్పుడే దించేయండి, నీళ్ళలో నిలబడి బోర్డు ముట్టుకోవద్దు. నీళ్ళు తీసినాక వెంటనే ఆన్ చేయొద్దు, మునిగిన సాకెట్లు విప్పి ఆరబెట్టి, మెగ్గర్ అనే మీటరుతో వైరు ఇన్సులేషన్ (పై తొడుగు) బాగుందా అని చూసినాకే కరెంటు ఇవ్వాలి. స్తంభం నుంచి మీటరు దాకా ఉండే వైరు కరెంటు డిపార్టుమెంటు వాళ్ళది, అది తెగినా, కిందికి వేలాడినా వాళ్ళ ఫోన్ నంబరు 1912కి చెప్పండి, మీరు కర్రతో జరపొద్దు.

ఇంకొక గుర్తు. ఇంట్లో కొన్ని లైట్లు ఉన్నట్టుండి చాలా ప్రకాశంగా, కొన్ని మాత్రం డిమ్‌గా అయితే న్యూట్రల్ యాడో తెగింది అనుకోండి. త్రీ ఫేజు లైనులో న్యూట్రల్ పోతే 230 రావాల్సిన చోట 400 దాకా రావొచ్చు, టీవీ, ఫ్రిజ్, ఏసీ బోర్డు అన్నీ నిమిషాల్లో పోతాయి. ఆలోచించకుండా మెయిన్ దించేయండి, తర్వాత ఫోన్ చేయండి.

పని అయిపోయినాక చివరి డబ్బులు ఇచ్చే ముందు ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని ఒక గంట తిరగండి. ప్రతి సాకెట్‌లోనూ ఫేజు కుడివైపు వస్తా ఉందా, ఎర్త్ పిన్నుకు పచ్చ వైరు వచ్చిందా, ఆర్‌సీసీబీ బటన్ నొక్కితే పడతా ఉందా, ఎర్త్ రీడింగు ఎంత వచ్చింది, అన్నీ మీ ముందు చూపించమనండి. ఒక్కొక్క ఎంసీబీ దించి ఏ గది ఆగిపోతా ఉందో చూసి కాగితం మీద రాసి మెయిన్ బోర్డు మూత లోపల అతికించండి. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడనూ, టేపు పట్టి కొలత కనపడేలా ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకూ పంపించి ఉంచండి, రేపు దేవుడి పటానికో ఏసీ స్టాండుకో గోడకు చిల్లు వేసే ఆయన ముందు ఆ ఫోటో చూసుకుని డ్రిల్లు పెడతాడు.